కస్తూరి మేడం బల్ల మీద నా పిడికిలి

మా గల్లీని మడిచి భుజాన వేసుకుని మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కుతున్నాను. దుప్పటి మడిచినట్టే మడిచాను, ముందు పొడవునా, తర్వాత అడ్డంగా. ఇళ్లు లోపలికి పోయాయి, మురికినీళ్ల మోరీ బయటికి వచ్చింది. చొక్కా తడుస్తోంది.

పని ఒక్కటే. పట్టణం పటంలో మా గల్లీ లేదు. కొత్త పటం ఈ సాయంత్రం అచ్చుకు పోతుంది. ఆలోగా కమిషనర్ సంతకం పడకపోతే గల్లీ ఇక విప్పుకోదు. జనం మడతల్లోనే వండుకుని, మడతల్లోనే ముసలివాళ్లవుతారు. ఏళ్లుగా అడుగుతున్న నీళ్ల నల్లా మాట సరే సరి.

"ఓ సమ్మయ్యా, మెల్లగ నడువురా! పొయ్యి మీద చారు ఒలుకుతుంది." భుజం మీంచి ముత్యాలవ్వ అరుస్తోంది. మా గల్లీకి పెద్ద ఆమే.

"జర ఓర్చుకో అవ్వా."

"నాకు చెప్తవా ఓర్చుకునుడు? నీ నాయిన లాగు తొడగకముందు నుంచి ఓర్చుకుంటున్న."

కారిడార్ చివర కమిషనర్ గది కనిపిస్తోంది. దాని ముందు బల్ల ఉంది. నేను బల్ల గుద్దుతాను. మా సంఘంలో పద్ధతి అది. ఆఫీసుకు పోతే ముందు బల్ల గుద్దాలి, తర్వాత పేరు చెప్పాలి. గుద్దగానే బల్లకూ గదికీ నడుమ కారిడార్ సాగుతుంది. మళ్లీ గుద్దుతాను. గది అగ్గిపెట్టెంత అవుతుంది. "డౌన్ డౌన్" అంటాను. ఆవగింజంత అవుతుంది.

బల్ల వెనక కూర్చున్నామె తలెత్తుతుంది. ఆమె కస్తూరి మేడం, కమిషనర్ దగ్గర అసిస్టెంట్. మనిషైనా కాగితమైనా ఆమె బల్ల దాటే లోపలికి పోవాలి.

"గుద్దుడు అయిపోయిందా అన్నా?"

"ఇంకా ఉంది."

"ఉంటే కానియ్యండి. మీరు గుద్దినంత దూరం నేనే నడవాలె. మోకాళ్లు నాయి."

నేను ఆగుతాను. ఇంత సూటిగా ఏ ఆఫీసూ నాతో మాట్లాడలేదు.

ఆమె గల్లీని నా భుజం మీంచి దించుకుంటుంది, చంటిపిల్లకు వేసినట్టు కింద చెయ్యి వేసి. మోరీ తన చీరకు అంటినా చూసుకోదు. మడత అంచు ఎత్తి లోపలికి వంగుతుంది.

"అవ్వా, చాయ్ తాగినవా?"

"యాడ తాగుడు బిడ్డా, చక్కెర డబ్బ మీది మడతల వడ్డది."

మేడం వేలు పెట్టి డబ్బాను కింది మడతలోకి దించుతుంది. తర్వాత ఒక్కో ఇంటి పేరూ అడిగి, పైకి పలుకుతుంది. తప్పు పలికితే మళ్లీ అడుగుతుంది, సిగ్గుపడదు. పేరు సరిగ్గా పలికినప్పుడల్లా ఒక ఇల్లు నిటారుగా సర్దుకుంటోంది.

ఫ్యాను గాలికి ఆమె కాగితాలు పిచ్చుకల్లా లేస్తున్నాయి.

"అన్నా, మీ పిడికిలి జరంత ఇటియ్యండి. వీటి మీద పెడత."

సబబుగానే ఉంది. మణికట్టు దగ్గర తిప్పి ఊడదీసి ఇస్తాను. కాగితాలు వాలతాయి. నా పిడికిలిని ఇంత నిమ్మళంగా నేనెప్పుడూ చూడలేదు.

ఆమె బల్ల కాలికి ఫైళ్లు కట్టే దారం ముడేసి ఉంది. రెండో కొస కమిషనర్ తలుపుకు ఉంది. ఆమె లాగడం మొదలుపెడుతుంది. లాగుతూనే ఫోన్ ఎత్తుతుంది. లాగుతూనే పుట్టిన సర్టిఫికెట్ కోసం వచ్చిన ముసలాయనకు కుర్చీ చూపిస్తుంది. దారం ఎక్కడా సడలదు, ఎక్కడా తెగదు. ఆవగింజ అగ్గిపెట్టె అవుతుంది. అగ్గిపెట్టె గదై, బల్ల పక్కకు వచ్చి ఆగుతుంది.

తలుపు కింద నుంచి నీళ్లు వస్తున్నాయి. లోపల వాన.

"పదండి" అంటాను.

"ఇప్పుడొద్దు. సారు గదిల ముసురు వట్టింది. ఇప్పుడు పెడితే సంతకం కారిపోతది."

"ఎవరితో లొల్లి పడ్డది సారుకు?"

"లోపలి ముచ్చట లోపల్నే ఉంటది అన్నా. మీ ముచ్చట గూడ నేను ఇంకొకలకు చెప్ప."

"ఈలోపు సాయంత్రమైతే? పని అయితదా, కాదా?"

"అయితదని చెప్ప. ఆగుమని చెప్తున్న."

నాకు ఆగడం రాదు. లాఠీకి కూడా ఆగలేదు. ఆమె పక్కన నిలబడి ఆగుతాను. కిటికీలో ఎండ పలచబడుతోంది. గల్లీ అంచులు అట్టలా గట్టిపడుతున్నాయి. "ఇరుకైతుందిరా సమ్మయ్యా" అంటోంది ముత్యాలవ్వ. గొంతు దారమంత సన్నగా ఉంది.

మేడం తలుపుకు చెవి ఆనించి ఉంది. అన్నం డబ్బా విప్పలేదు. వాన చినుకులు చినుకులుగా విడిపోయేదాకా వింటుంది. "ఇగ ఇప్పుడు" అని గల్లీని ఎత్తుకుని, మెల్లగా తలుపు తట్టి లోపలికి పోతుంది.

వచ్చేటప్పుడు ఆమె తల నుంచి పాదాల దాకా తడిసి ఉంది. గల్లీ మీద చుక్క పడలేదు. మొదటి ఇంటి కప్పు నుంచి చివరి ఇంటి కప్పు దాకా పచ్చ సిరా సంతకం. అది ఆరేదాకా ఆమె నోటితో ఊదుతూ నిలబడుతుంది.

దండం పెట్టే అలవాటు నాకు లేదు. పెడదామంటే రెండో చెయ్యీ లేదు.

"మేడం, మా గల్లీకి మీ పేరు పెట్టుకుంటం."

"వద్దన్నా. మళ్ల పటం మార్చాలె. నాకే పని." ఆమె నవ్వుతుంది. "మీ పిడికిలి తీస్కపోండి."

"ఉండనియ్యండి. ఫ్యాను ఇంకా తిరుగుతున్నది కదా."

ఆమె ఆ దారంలోంచి ఒక పోగు లాగి, తెంపకుండానే నా ఖాళీ మణికట్టుకు కడుతుంది.

మా జాగాలో గల్లీని దులిపి పరుస్తాను. ఇళ్లు లేస్తాయి. పటంలో ఉన్నాయి కాబట్టి ఇప్పుడు వాటికి నీడలు కూడా ఉన్నాయి. ముత్యాలవ్వ బయటికి వచ్చి నడుము సాగదీసుకుంటుంది.

"నల్లా ఏదిరా?"

మణికట్టుకు ఉన్న దారం కదులుతుంది. ఆత్రపడకుండా లాగుతాను. సడలనివ్వను, తెగనివ్వను. చూసి నేర్చుకున్నాను. బజారు మలుపు తిరిగి మున్సిపల్ ఆఫీసు వస్తోంది, మెట్లు నేలను రాసుకుంటూ, పడవలాగా. కిటికీలో కస్తూరి మేడం ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో దారం పట్టుకుని ఉంది. ఇన్నేళ్లు మేమే పోయాం. ఇవాళ అదే వస్తోంది.

ఆఫీసు గల్లీ మొదట్లో ఆగుతుంది. ఆడవాళ్లు బిందెలతో వరస కడతారు. బల్ల మీద నా పిడికిలి ఒక్కో వేలూ విప్పుకుంటోంది. అరచేతి నడుమ నుంచి నీళ్లు కిటికీ దాటి ధారగా పడుతున్నాయి.

ముత్యాలవ్వ బిందె పక్కకు జరిపి ముందు గ్లాసు పడుతుంది.

"నువ్వు తాగు బిడ్డా. పొద్దటి సంది నోరు తడుపలే."

మేడం తాగుతోంది. ఆమె గుటక వేసినప్పుడల్లా మా ఇళ్ల కప్పుల మీద పచ్చ సంతకం ఒక ఆకు వేస్తోంది.