పైకెత్తిన చెయ్యి

రేవులో క్రేను నడిపేవాడికీ, కింద నిలబడి సైగలు చేసేవాడికీ మధ్య మాటలుండవు. ఆ హోరులో అరిచినా వినపడదు. కింది చెయ్యి ఎలా చెబితే పైచెయ్యి అలా చెయ్యాలి.

ఈ క్రేను డ్రైవరుకి సైగలు చేసేది సొంత బావమరిదే. భోజనాల దగ్గర కూడా కూర కావాలంటే వేలెత్తి గాల్లో తిప్పేవాడు. "ఇది రేవు కాదురా, నోరు తెరిచి అడుగు" అని అక్క విసుక్కుంటూనే వడ్డించేది.

ఆ రోజు గొలుసులు తగిలించే మనిషి రాలేదు. ఉన్నవాళ్లతోనే కానివ్వమన్నాడు సూపర్‌వైజరు. రెండు పనులూ బావమరిది నెత్తిన పడ్డాయి. ఇనుప రేకుల కట్టకి గొలుసు చుట్టి, అది జారకుండా కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో కొంచెం లేపమన్నాడు. బావ లేపాడు. గొలుసు బిగిసి, చేతి తొడుగుతో సహా కుడిచెయ్యి దాని కింద ఇరుక్కుంది. ఆ బాధలో బావమరిది ఎడమచెయ్యి పైకెత్తి ఊపాడు. పైనున్న బావకి అది ఇంకా లేపమన్నట్టే కనిపించింది. లేపాడు.

ఎవరో రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ పరిగెత్తుకొచ్చేదాకా బావకి సంగతి తెలియలేదు. లేపిన చేతులతోనే ఆ బరువు దించాడు.

ఆసుపత్రిలో నాలుగు వేళ్లు తీసేశారు. బొటనవేలు మిగిలింది.

"నీ తప్పేముంది బావా? నేను చెయ్యెత్తాను, నువ్వు లేపావు" అన్నాడు బావమరిది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ఆఫీసువాళ్లు బావని పిలిచి ఒకటే అడిగారు, చెయ్యెత్తాడా లేదా అని. లేదంటే తన పని పోతుంది, పైగా అబద్ధం. అవునంటే తప్పంతా బావమరిది మీదికి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఎత్తాడండీ, కానీ ఇద్దరు చెయ్యాల్సిన పని..." అంటుండగానే ఇక చాలు వెళ్లమన్నారు. తప్పుడు సైగ వల్లే ప్రమాదం జరిగిందని తేల్చి, బావమరిదిని పనిలోంచి తీసేశారు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు.

"నిజమే చెప్పారు. ఇప్పుడు నా తమ్ముడి మొహం నేనెలా చూడను?" అంది ఆమె.

లోపలి గదిలో బావమరిది ఎడమచేత్తో చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు. బావ వెళ్లి ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ పెట్టాడు. పై గుండీ రెండుసార్లు చేతిలోంచి జారిపోయింది.

"నెమ్మదిగా బావా, తొందరేముంది" అన్నాడు బావమరిది.

మర్నాడు పొద్దున అతను మళ్లీ క్రేను ఎక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు, ఇప్పుడు ఆ ఇంట్లో సంపాదించేది అతనొక్కడే.