ఎడమచేతి కుట్టు

శుక్రవారం నమాజు నుంచి వచ్చిన ఫిక్రీ చెప్పులు విడుస్తూ నేలమీదికి చూసి నవ్వాడు.

"పోన్లే, నీ పేజీ ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది."

ఇన్షిరాహ్ వంటింటి గడపలో కూచుని మొలోఖియా ఆకు ఏరుతోంది. ఆకు కింద పరిచింది ఆమె పనిచేసే పత్రికే. అందులోనూ పదిహేడేళ్ళుగా ఆమె చూస్తున్న 'ఈ వారం కైరో' పేజీ. తోలుబొమ్మలాట ఎక్కడ, ఊద్ వాద్య కచేరీ ఎప్పుడు, ఏ వంతెన మూస్తున్నారు, ఏ పేటకి నీళ్ళు రావు, అన్నీ ఆరేసి లైన్లలో చెప్పి కింద 'మన ప్రతినిధి' అని పెట్టే పేజీ. స్నేహితులు ఇంటికొచ్చినప్పుడల్లా ఫిక్రీ ఒకే మాట అనేవాడు. "కైరోలో నీళ్ళెక్కడ రావో మా ఆవిడకి తెలుసు. మా ఇంట్లో ఎందుకు రావో మాత్రం తెలీదు." వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమే అందరికంటే ముందు నవ్వేది. ముందుగా నవ్వేస్తే ఆ మాట గుచ్చుకోదని పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో కనిపెట్టింది. ముప్ఫయ్యేళ్ళయినా గుచ్చుకుంటూనే ఉంది, అది వేరే సంగతి.

కాడలన్నీ పోగేసి పారేద్దామని కాగితం తిప్పింది. వెనకవైపు మరణవార్తల పేజీ. పైనుంచి మూడోది వాళ్ళమ్మది. నలభయ్యో రోజు కార్యం నిన్ననే అయింది. అంటే పాత కాగితాల దొంతరలోంచి సరిగ్గా అమ్మ పోయిన మర్నాటి పేపరే చేతికొచ్చింది.

'డేరాల వీధి దివంగత ఉస్తా దసూకీ గారి భార్య, వ్యాపారి హాజీ రగబ్ గారి తల్లి, విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు ఫిక్రీ గారి అత్తగారు, కువైట్‌లోని ఇంజినీరు హుసామ్ గారి మేనత్త...' అలా పదకొండు మంది మగవాళ్ళ పేర్లు, వాళ్ళ ఉద్యోగాలతో సహా. చివర 'అల్లా సన్నిధికి చేరుకున్నారు' అని ఉంది. చేరుకున్నది ఎవరో లేదు.

రెండోసారి చదివింది. తడి ఆకు అంటుకున్న చోట వేలితో తుడిచి మూడోసారి చదివింది. కువైట్ హుసామ్ ఉన్నాడు. అమ్మ పేరు లేదు. కూతురి పేరు ఎలాగూ ఉండదు, అల్లుడు ఉన్నాడుగా.

ఇంకెవరైనా రాసి ఉంటే తిట్టుకునేది. రాసింది తనే. ఖననం అయ్యాక, "నువ్వు పేపర్లో ఉన్నావుగా అక్కా, వేయించెయ్" అన్నాడు తమ్ముడు రగబ్. అతను ఒక్కో పేరూ చెబుతుంటే తను ఏడుస్తూ రాసుకుంది. ఎవరి హోదా ఎక్కడ తప్పుతుందోనని రెండుసార్లు సరిచూసుకుంది కూడా. ఆఫీసులో ఆ పేజీకీ సాయం చేస్తూ పదిహేడేళ్ళలో అలాంటివి ఎన్ని రాసిందో. ఏ ఇంటి నుంచి కబురొచ్చినా ఆడవాళ్ళ పేరు అడగకూడదు, అది మర్యాద. ఆ మర్యాద చేతికి ఎంతగా పట్టేసిందంటే కన్నతల్లి దగ్గర కూడా ఆగలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా "ప్రకటన నిండుగా ఉంది" అన్నారు. ఒక్కరికీ వెలితి కనబడలేదు. తనకీ కనబడలేదు, అదే ఆమెకి మింగుడుపడలేదు.

"ఏవండీ, ఇందులో అమ్మ పేరు లేదు."

ఫిక్రీ సోఫాలోంచి తల తిప్పలేదు. "ఆడవాళ్ళది ఎవరిది ఉంటుంది? వెల్లుల్లి మాడుతున్నట్టుంది చూడు."

వెల్లుల్లి మాడలేదు. అసలు ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదు.

వాళ్ళమ్మ పేరు తఫీదా. వీధిలో ఆ పేరు తెలిసినవాళ్ళు లేరు. అందరికీ ఆవిడ 'రగబ్ అమ్మ'. రగబ్ కంటే ఆరేళ్ళు ముందు పుట్టింది ఇన్షిరాహ్. ఆ ఆరేళ్ళూ ఆవిడ 'దసూకీ వాళ్ళావిడ'గానే ఉంది తప్ప ఎవరి అమ్మా కాలేదు. కొడుకు పుట్టాకే తల్లి అయింది. చిన్నప్పుడు ఇది ఇన్షిరాహ్‌కి విడ్డూరంగా తోచలేదు. ఇప్పుడు ఆ కాగితం చూస్తూ చూస్తూ తోచింది. కళ్ళు నిండాయి. ఈ ఇంట్లో కంటనీరు పెట్టుకోవడానికి ఉల్లిపాయలు తరిగే వేళ ఒకటుంది, అది కూడా దాటిపోయింది.

ఆదివారం ఆఫీసుకి వెళ్ళేసరికి బల్ల మీద ఒక ఆహ్వానం ఉంది. డేరాల వీధి పక్కనున్న పాత హవేలీలో ప్రదర్శన, 'ఉస్తా దసూకీ చేతిపని'. ఏర్పాటు చేసింది రగబ్. అక్కకి ఫోన్ కూడా చెయ్యకుండా పత్రికకి పంపాడు. ఫొటోలో నీలం గుడ్డ మీద తెల్ల తామరలు, వాటి చుట్టూ తీగలు. డేరా గుడ్డకి రంగు గుడ్డ ముక్కలు మడిచి కుట్టే ఆ పనిలో చెయ్యి తిరిగిన ఉస్తాగా వాళ్ళ నాన్నకి ఊళ్ళో మంచి పేరుంది.

పేరు ఆయనదే. ఇన్షిరాహ్‌కి పదేళ్ళప్పుడు ఆయన చేతులు వణకడం మొదలైంది. అప్పటినుంచి కుట్టింది తఫీదా. పొద్దున్న అన్నం వండి, పిల్లల్ని బడికి పంపి, మిద్దె మీద నీడలో కూచునేది. పొద్దు వాలాక అసర్ నమాజు వేళకి నాన్న వచ్చి, కుట్టినదాన్ని దుప్పట్లో చుట్టి దుకాణానికి పట్టుకుపోయేవాడు. అక్కడ దాన్ని ఒళ్ళో పరుచుకుని సూది పట్టుకుని కూచునేవాడు. విదేశీయులు ఫొటోలు తీసుకునేవాళ్ళు. అబద్ధం ఆడినట్టు ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఇంట్లో వండిన అన్నం ఆయన అన్నమే అయినప్పుడు కుట్టు మాత్రం ఎందుకు కాదు?

అమ్మది ఎడమచేతి వాటం. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ సతాయించింది. "ఆ చేత్తో కుడితే బరకతు ఉండదే. కొన్నవాళ్ళు బాగుపడతారా?" అనేది. నలుగురిలో ఉన్నప్పుడు అమ్మ ఆ చేతిని కొంగు కిందే దాచుకునేది. కుట్టేటప్పుడు మాత్రం చుట్టూ ఎవరూ ఉండరు కాబట్టి అది బయటికొచ్చేది.

మర్నాడు ఇన్షిరాహ్ హవేలీకి వెళ్ళింది. గోడలకి ఇరవయ్యారు పరదాలు. ఒక్కోదాని దగ్గరా కళ్ళజోడు పెట్టుకుని, ముక్కు గుడ్డకి తగిలేంత దగ్గరగా నిలబడి, అంచు తిప్పి చూసింది. కుడిచేత్తో కుట్టినవాళ్ళ కుట్టు ఒకవైపు వాలుతుంది, ఎడమచేతిది రెండోవైపు. నాన్నవి ఏడు. మిగిలిన పందొమ్మిదీ రెండోవైపు వాలాయి. తెల్ల తామరలది కూడా.

రగబ్ టీ గ్లాసు పట్టుకుని ఎదురొచ్చాడు. "రా అక్కా. టీలో పుదీనా వేయించాను. బాగా రాస్తావుగా, నాన్న గురించి?"

"ఇవి అమ్మ కుట్టినవి రా."

అతను చుట్టూ చూశాడు. "తెలుసు. గట్టిగా అనకు."

"ఆమె పేరు వేస్తాను."

"పేపర్లోనా? పిచ్చా నీకు?" అతని చెవులు ఎర్రబడ్డాయి. "బళ్ళో అమ్మ పేరు తెలిసిపోయిందని వారం రోజులు అదే పాడి ఏడిపించారు నన్ను. గుర్తుందా? పన్ను ఊడేలా కొట్టుకొచ్చాను. యాభయ్యేళ్ళొచ్చాక మళ్ళీ కొట్టుకోమంటావా? వీధిలో ప్రతి కాఫీ దుకాణంలోనూ అమ్మ పేరు నలుగుతుంది."

"నలగనీ. నలభయ్యేళ్ళు ఆమె వేళ్ళు నలగలేదా?"

"నాన్న పరువు తీస్తావన్నమాట."

"ఆయనవి ఏడున్నాయి. ఏడూ ఆయనవే అని రాస్తాను."

"రాస్తే ఇక నా గడప తొక్కకు అక్కా" అన్నాడు రగబ్. అతని గొంతులో కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది. చిన్నప్పుడు పన్ను ఊడి వచ్చిన రోజు కూడా అలాగే మాట్లాడాడు. ఆ రోజు రక్తం తుడిచింది తనే. ఇక మిగిలిన పుట్టిల్లు ఆ ఒక్క గడపే.

ఇంట్లో ఫిక్రీ అంతా విని టీవీ శబ్దం తగ్గించాడు. అంతవరకు గొప్పే. "ఆరు లైన్లు రాసి పారెయ్. ఆవిడే ఏనాడూ అడగనిది నీకెందుకు?" అన్నాడు. నిజమే, అడగలేదు. పోయేముందు ఆసుపత్రిలో సెలైను పెట్టాల్సివస్తే మాత్రం అమ్మ కుడిచెయ్యి చాపింది. "దీనికి పెట్టమ్మా, రెండోదానితో పనుంది" అంది నర్సుతో. ఆ మాట తలుచుకుంటూ ఇన్షిరాహ్ అంట్లు తోమింది. ఇంట్లో మనిషి ఉండగానే ఇంత ఒంటరితనం ఎలా పడుతుందో ఆమెకి ఎప్పటికీ అర్థం కాదు. చెప్పుకుందామంటే, అమ్మ గురించి చెప్పుకోవాల్సిన మనిషి అమ్మే.

బుధవారం ఆరు లైన్లూ రాసి ఎడిటర్ షౌకీ ముందు పెట్టింది. అతను ఆమె కంటే పదేళ్ళు చిన్న. చదివి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"మేడమ్, ఈ తఫీదా ఎవరు? ఆహ్వానంలో లేదే."

"ఇరవయ్యారింటిలో పందొమ్మిది కుట్టింది. ఎవరైనా వెళ్ళి అంచు తిప్పి చూసుకోవచ్చు, అది కూడా రాశాను."

"సరే. మరి చివర్న 'మన ప్రతినిధి' బదులు ఇదేంటి? చిన్న వార్తలకి పేర్లు వెయ్యం కదా."

"మా అమ్మ గురించి నేను రాస్తూ ఎవరో ప్రతినిధి రాసినట్టు వేస్తే పాఠకుల్ని మోసం చేసినట్టు కదండీ."

షౌకీ చీటీ మీద సంతకం పెట్టాడు. ఆమె ఆ చీటీ తీసుకుని బయటికి నడిచింది.

శుక్రవారం పొద్దున్నే ఫోన్ మోగింది. రగబ్.

"నమాజుకి వెళ్ళకముందే ముగ్గురు అడిగారు. తఫీదా ఎవరని."

"ఏం చెప్పావు?"

ఫోన్‌లో అతని వెనకాల ఎవరో దుకాణం తలుపు ఎత్తుతున్నారు.

"ఇంకేం చెబుతాను, మా అమ్మ అన్నాను" అని ఫోన్ పెట్టేశాడు. గడప సంగతి ఎత్తలేదు. రమ్మనీ అనలేదు.

ఫిక్రీ బజారు నుంచి మొలోఖియా కట్టలు తెచ్చి వంటింటి గడపలో పడేశాడు. అలవాటుగా బల్ల మీది పేపరు అందుకుని, ఒక పేజీ లాగి నేలమీద పరిచాడు. ఇన్షిరాహ్ వంగి దాన్ని తీసింది. ఆరో లైను కింద 'తఫీదా కూతురు ఇన్షిరాహ్' అని ఉంది. నాలుగు మడతలు పెట్టింది.

"ఇది నాక్కావాలి. ఆటల పేజీ పరుచుకోండి" అంది.

"పరుచుకుని?"

"ఆకు ఏరండి" అని, ఆమె చెప్పులేసుకుని అమ్మ కుట్టిన అంచులు మరోసారి చూడ్డానికి హవేలీకి బయలుదేరింది.