హోల్గర్ చేతికిచ్చిన తాళం

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో ఎవడో దొంగ లోపలికి చొరబడి, ముసలి మార్తాను మెట్ల మీద తోసేసి చేతిసంచీ లాక్కుపోయాడు. ఆమె తుంటి ఎముక విరిగింది. యేవ్లే ఊరి ఓడరేవు పక్కనున్న ఆ పన్నెండు వాటాల ఇంట్లో అప్పట్నించీ ఎవరికీ కంటి మీద కునుకు లేదు. వాటాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న బట్టలుతికే గదిలో అందరూ కూడినప్పుడు ముందుగా నోరు విప్పింది, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న గున్వోరే.

"వీధి తలుపుకి కొత్త తాళం వేయిద్దాం. తాళంచెవి ఒక్కటే చాలు, హోల్గర్ దగ్గరుంటుంది. మనమైనా సరే, ఎవరొచ్చినా ఆయన గంటే కొట్టాలి."

హోల్గరంటే కాదనేదెవరు? ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చేవాళ్లని ఒక్కనాడూ వదిలేసి పోలేదు. రిటైరయ్యాక కింది వాటాలో ఒంటరిగా ఉంటున్నాడు.

మొదట్లో అందరూ అతన్ని దీవించారు. మెట్ల మీద మంచు గీకేవాడు, మార్తాకు పాలు, రొట్టె తెచ్చిపెట్టేవాడు. తర్వాత వచ్చేపోయేవాళ్ల పేర్లు ముందే చెప్పాలన్నాడు. ఎదురు మాట్లాడినవాళ్లకి బట్టలుతుక్కునే వంతు తీసేశాడు. రెండో అంతస్తు పిల్లతల్లి ఇంటికొచ్చిన స్నేహితుల్ని గుమ్మంలోంచే పంపేస్తే, ఆమె ఏడ్చి, ఇల్లు ఖాళీ చేసి పోయింది. గున్వోర్ అన్నీ చూసింది. మన మంచికేలే అనుకుంది. అందరూ కోరుకునే శనివారం వంతు తనకే ఇచ్చాడు మరి.

గురువారం గురువారం గున్వోర్ ఇంటికి బఠానీ సూప్ తాగడానికి వెయికో వచ్చేవాడు. ఫిన్లాండ్ మనిషి, చనిపోయిన ఆమె భర్తతో కాగితం మిల్లులో పనిచేసినవాడు. నోరు కాస్త దురుసు. ఒకరోజు గుమ్మంలో హోల్గర్ అతన్ని ఆపి, ఎవరింటికి, ఎందుకని ఆరా తీస్తే పకపకా నవ్వాడు.

"ఏమయ్యా రాజుగారూ, సూప్ తాగడానిక్కూడా పాస్‌పోర్టు చూపించాలా?"

హోల్గర్ నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మరుసటి గురువారం వెయికో రాలేదు. ఆ పై వారమూ రాలేదు. అద్దె గదిలో ఉండేవాడు, ఫోను లేదు. అలిగాడేమో, తనే వస్తాడులే అని గున్వోర్ పట్టుదలకు పోయింది. మూడో వారం కూడా సూప్ చల్లారిపోయాక, మంగళవారానికి మనసు ఆగక పైకెళ్లి మార్తాతో చెప్పుకుంది. మార్తా దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంది.

"వచ్చాడే తల్లీ. మూడు వారాలూ వచ్చాడు. కిటికీలోంచి చూశాను. మంచులో నిలబడ్డాడు. నువ్వు అతని మొహం చూడనన్నావని హోల్గర్ అతనికి చెప్పడం కూడా విన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నాకు పాలు తెచ్చేది ఆయనే కదమ్మా!"

గున్వోర్ కోటైనా సరిగా తొడుక్కోకుండా వెయికో గదికి పరిగెత్తింది. గది అద్దెకిచ్చినావిడ తలుపు తీసి, అతను ఆదివారమే ఆసుపత్రిలో పోయాడంది.

"మీకు కబురు పెట్టమంటారా అని అతన్ని అడిగాను. వద్దు, ఆమెకి నా మొహం చూడ్డం ఇష్టం లేదట, పోనీలెండి అన్నాడు."

తిరిగొచ్చి హోల్గర్‌ని గుమ్మంలోనే నిలదీసింది.

"నేనెప్పుడన్నాను ఆ మాట? ఎప్పుడన్నాను?"

హోల్గర్ కళ్లు దించుకున్నాడు. "తాగుబోతు వాడు, గున్వోర్. నీ మంచి కోసమే. రెండేళ్లయింది, ఒక్క దొంగైనా లోపలికొచ్చాడా చెప్పు?"

తాళం మార్పించాలని ఆమె ప్రతి తలుపూ తట్టింది. కొందరు జాలిపడ్డారు, కొందరు గొళ్లెం తియ్యకుండానే మాట్లాడారు. మళ్లీ ఆ భయం మాకొద్దన్నారు అందరూ.

వెయికో అంత్యక్రియలకి వచ్చింది నలుగురే. ఆమె ఇంటికొచ్చేసరికి మంచు దట్టంగా పడుతోంది. గంట నొక్కింది. హోల్గర్ తలుపు తీసి, పక్కకి ఒదిగి, ఆమె భుజం మీది మంచు మెల్లగా దులిపాడు.

"థాంక్స్," అంది గున్వోర్, అలవాటు కొద్దీ.

పైకెళ్లి కోటు విప్పుతుంటే గానీ ఎవరికి థాంక్స్ చెప్పిందో ఆమెకి తెలిసి రాలేదు. సగం విప్పిన కోటుతోనే కుర్చీలో కూలబడింది.