శాలువా ముక్క

ఆ వీధిలో తెల్లారగానే ప్రతి ఇంట్లోనూ బట్టలు దులిపి, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి చూస్తారు. అక్కడ చిరుగు ముందు పడుతుంది, దెబ్బ తర్వాత తగులుతుంది. మోకాలి దగ్గర చిల్లు కనిపిస్తే ఆ పూట మోకాలు చెక్కుకుపోవాల్సిందే. దాక్కున్నా లాభం లేదు, ఇంట్లో కూర్చున్నవాళ్ళకి మంచం కోడే తగులుతుంది. బట్ట మార్చినా అంతే, చిల్లు వేసుకున్నదాని మీదికే వస్తుంది. అందుకని గడప దాటకముందే పూడ్చేస్తారు. సూది మాత్రం ముట్టరు. సూది దిగిన ప్రతిచోటా మళ్ళీ ఒక చిల్లే కదా.

అత్తగారు ముప్పై ఏళ్ళు లాండ్రీలో ఇస్త్రీ చేసిన మనిషి. పూడ్చడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. బట్ట తిరగేసి, అంచుల పోగులు దగ్గరికి లాగి, వేడికి కరిగే జిగురు జాలీ పరిచి, పైన గుడ్డ ముక్క పెట్టి, తడిబట్ట కప్పి, ఇస్త్రీపెట్టె అదిమి పట్టి పది లెక్కపెడుతుంది. పెట్టె జరపదు. జరిపితే అతుకు ముడత పడుతుంది.

ఆ రోజు కోడలి నీలం కోటు ఎత్తి పట్టింది. సరిగ్గా వెన్నుపూస మీదికి, నిమ్మకాయంత చిల్లు.

కోడలు తాడుకి వేలాడుతూ పెద్ద పెద్ద భవనాల అద్దాలు తుడుస్తుంది. అంతకుముందు ఆ తాడు మీద ఆమె మొగుడు ఉండేవాడు. రెండేళ్ళ కిందట అతని చొక్కాకీ ఇంతే చిల్లు పడింది. తల్లి కొత్త గుడ్డ అతికించి పంపింది. మధ్యాహ్నానికి అతుకు ఊడింది. సాయంత్రానికి మనిషిని తెచ్చి పడుకోబెట్టారు.

"ఎంతుందత్తయ్యా?" అంది కోడలు బూట్లు తొడుక్కుంటూ.

"శనగగింజంత. నువ్వు తినెయ్, ఈలోపు అతికించేస్తా."

పెద్ద చిల్లుకి కొత్త గుడ్డ ఆగదు. ఒక మనిషి ఒంటి మీదున్న బట్టలోంచి కోసిన ముక్కే ఆగుతుంది. అప్పుడు ఆ కోసినచోటి చిల్లూ, దాని దెబ్బా ఆ మనిషివవుతాయి. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా ఆ బట్ట ఒంటి మీంచి తియ్యకూడదు. ఇది లాండ్రీలో పాతవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు.

అత్తగారు తన భుజాన ఉన్న శాలువా అంచు పట్టుకుని కత్తెర పెట్టింది. కత్తెర రెండుసార్లు జారింది. మూడోసారి కళ్ళు మూసుకుని కోసింది. అతికించిన కోటుని తనే పట్టుకుని తొడిగింది. వీపు మీదిది కాబట్టి కోడలు చూసుకోలేదు.

కోడలు వెళ్ళి తలుపు పడగానే అత్తగారు కుర్చీలో కూలబడింది. ఇప్పుడీ చిల్లు ఎక్కడ పెట్టుకోవాలి? శాలువా కాస్త జారితే గుండె మీదికొస్తోంది. సర్దితే కడుపు మీదికి. పక్కింటావిడ ఏదో అడగడానికి తలుపు కొడితే లేవలేదు, "ఒంట్లో బాలేదమ్మా" అని లోపల్నించే అంది. చివరికి ఎడమచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టి, చిల్లు సరిగ్గా అరచేతి మీదికి తెచ్చి, కుడిచేత్తో శాలువా కదలకుండా పట్టుకుంది. దాహమేసినా లేవలేదు. తుమ్ము వస్తే ఊపిరి బిగబట్టింది.

ఎండ వాకిట్లోకి వచ్చే వేళకి, ఎండుకట్టె విరిచినట్టు అరచేతిలో ఫెళ్ళుమంది. అరవకుండా శాలువా కొస పళ్ళకింద పెట్టుకుంది. నొప్పి కంటే భయమే ఎక్కువగా ఉంది. దెబ్బంతా ఇక్కడికే వచ్చిందా? అక్కడ కొంచెం మిగిలిపోయిందా? సాయంత్రం దాకా వీధిలో ప్రతి అడుగు చప్పుడుకీ ఆమె ప్రాణం పోయి వచ్చింది. మనిషిని మోసుకొచ్చేవాళ్ళ అడుగులు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు.

కోడలు నడిచే వచ్చింది.

"పైనుంచి ఇనప కొక్కెం ఊడి వీపున పడిందత్తయ్యా. ఎవరో చేత్తో తట్టినట్టయింది, అంతే. మా మేస్త్రి నమ్మలేదు." కోటు విప్పి తిరగేసి చూసింది. శాలువా రంగు ముక్క. తర్వాత అత్తగారి ఒళ్ళో వాచిపోయిన చెయ్యి చూసింది.

కోటు మడిచి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇలా చెయ్యొచ్చని ఆయన పోయిన రోజు మీకు తెలీదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలుసు," అంది అత్తగారు. "భయమేసింది."

కోడలు లేచి లోపలికెళ్ళింది. ఇక తిరిగి రాదనుకుంది ముసలామె. పొద్దున్నుంచి పడ్డ భయమంతా దీని ముందు ఏపాటిది అనిపించింది. లోపల గిన్నెల చప్పుడైంది. కోడలు చల్లటి నీళ్ళ గిన్నె తెచ్చి కింద కూర్చుంది, ఆ చెయ్యి అందుకుని నీళ్ళలో పెట్టింది. వేళ్ళు ముడుచుకోవడం లేదు.

"రేపట్నుంచి తాడు ఎక్కనని మేస్త్రికి చెప్తాను. కింద బకెట్ల పని అడుగుతాను."

"నాకోసం ఎందుకమ్మాయ్?"

కోడలు తలెత్తలేదు.

"మీకు ఇంక ఒక్క చెయ్యే మిగిలింది," అంది.