అప్పసామి మామ ఆఖరి మాట

మామ పోయినప్పటి నుంచి ధనభాగ్యం అత్త ఒకటే అడుగుతోంది. "కడాకు ఏం చెప్పినాడు?" పలకరించడానికి వచ్చినవాళ్ళను అడిగింది, డాక్టరును అడిగింది, అంబులెన్సు తోలినవాణ్ణి కూడా వదల్లేదు. ఎవరికి తెలుసు! మదురై ఆస్పత్రిలో మామ అద్దాల తలుపు లోపల, అత్త బయట బెంచీ మీద. లోపలికి రానిచ్చారు కాదు మహానుభావులు. ఆ తలుపు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ఒక్క మాట తెలిస్తే గాని అత్త సరిగ్గా ముద్ద మింగేలా లేదు.

"నేను పోయి కనుక్కొనొస్తా. నువ్వు ముందు ఆ గంజి తాగు" అని చెప్పి ఆండిపట్టిలో బస్సెక్కాను.

అప్పసామి మామ మా అమ్మకు తమ్ముడు. నల్లరేగడిలో పత్తి వేసుకుని బతికాడు. మా నాన్న పోయాక నన్ను బడికి పంపింది ఆయనే, పెళ్ళి చేసింది ఆయనే. నేను మొగుడితో పోట్లాడి వచ్చినప్పుడల్లా, ఏం జరిగిందో వినకుండానే "తప్పు వానిదేలే" అని తీర్పు చెప్పేసేవాడు. అలాంటి మనిషి మళ్ళీ దొరుకుతాడా? దొరకడు. నాకు తెలుసు.

బస్సు ఉసిలంపట్టి దాటేసరికి కిటికీ పక్కన కునుకు పట్టింది. కునుకు పడితే చాలు, మామ వచ్చేస్తాడు. భుజాన తుండుగుడ్డ, జుట్టులో చిక్కుకున్న పత్తి పింజ. చేనంతా తెల్లగా విచ్చుకుని ఉంది. అందులో నడుస్తుంటే మా కాళ్ళు మాకే కనబడటం లేదు. నన్ను భుజం మీదికి ఎత్తుకున్నాడు. నాకు యాభై దాటిన సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. "బరువు కాలేదా మామా?" అన్నాను. "నువ్వు బరువు లేవు పాపా. నీ నోరే బరువు" అన్నాడు. కండక్టరు తట్టి లేపితే వాడి మీద విసుక్కున్నాను.

మా పెద్దవాళ్ళు తెలుగునాడు వదిలి ఎన్ని తరాల కింద ఇటు వచ్చారో ఎవరూ చెప్పలేరు. బడీ బజారూ అంతా అరవమే. మామకు మాత్రం ఒక పట్టింపు ఉండేది. "చెప్పులు యాడ ఇడుస్తామో ఆడనే అరవాన్నీ ఇడిసి లోపలికి రావాల" అనేవాడు. మేం పొరపాటున అరవంలో అన్నం అడిగితే చెవిటివాడిలా చూరు వంక చూస్తూ కూర్చునేవాడు. తెలుగులో అడిగాకే కంచం కదిలేది.

ఆస్పత్రిలో మామను చూసుకున్న నర్సు పేరు కార్తీక. చిన్నపిల్ల. మామ పేరు చెప్పగానే మొహం విప్పారింది.

"ఆ తాతా! బంగారం లాంటి మనిషమ్మా" అంది అరవంలో. "'వలిక్కుదా తాతా', నొప్పిగా ఉందా అని అడిగితే 'ఇల్ల' అనేవారు. ఆకలేస్తోందా? ఇల్ల. చలేస్తోందా? ఇల్ల. తెల్లవారి కన్ను మూసేదాకా అదే మాట. ఏ బాధా పడలేదు."

ఇల్ల అంటే అరవంలో లేదు అని. నొప్పి లేదు, ఆకలి లేదు. నా గుండె మీది బండ దిగినట్టయింది. ఆ పిల్లకు దణ్ణం పెట్టి లేచాను.

"పల్లెటూరి యాస కదా" అని నవ్వింది ఆ అమ్మాయి. "'ఇల్ల' అని సరిగ్గా పలకరు. 'ఇల్లూ... ఇల్లూ...' అనేవారు."

మళ్ళీ కూలబడ్డాను. అది యాస కాదే తల్లీ! అది అరవమే కాదు. మా మామ తెలుగులో మాట్లాడుతున్నాడు. ఇల్లు, ఇల్లు అంటున్నాడు. ఇంటికి తీసుకుపొమ్మని అడుగుతుంటే వీళ్ళు దుప్పటి సర్ది వెళ్ళిపోయారు. ఆ పిల్లను తిట్టాలని నోటిదాకా వచ్చింది. దాని తప్పేముంది, పాపం.

తిరుగు ప్రయాణంలో కునుకు పట్టలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు. అయినా ఈ మాట అత్తకు ఎలా చెప్పను? చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

అత్త అరుగు మీద కూర్చుని దీపానికి ఒత్తులు చేస్తోంది. నన్ను చూడగానే "ఏమంట?" అంది.

"నొప్పే లేదంట అత్తా. ఏమడిగినా ఇల్ల, ఇల్ల అన్నాడంట. సుఖంగా పోయినాడు."

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "మీ మామ అరవంలో చెప్పినాడా?"

దొరికిపోయాను.

"ఆయప్ప నోట ఎట్ల వచ్చిందో అట్ల చెప్పు లోకూ."

ఇక ఆపుకోలేకపోయాను. భోరుమన్నాను. "ఇల్లూ, ఇల్లూ అన్నాడంట. ఇంటికి తోడుకొని పొమ్మని అడిగినాడత్తా! ఆ పిల్లకు మన మాట తెలియలే!"

అత్త చేతిలో ఒత్తి ఆగింది. తర్వాత నవ్వింది. మతి పోయిందేమో అని భయమేసింది నాకు.

"ఇంటిని కాదే పిచ్చిదానా. నన్ను."

"నిన్నా?"

"పెండ్లయిన కొత్తల్లో నన్ను పేరు పెట్టి పిలిచేదానికి సిగ్గు. మీ అవ్వ ఉండె గదా ఇంట్లో. ఎవరూ లేనప్పుడు మెల్లిగా 'ఇల్లూ' అనేటోడు. ఏమయ్యా, నేనేమన్నా గోడనా, కప్పునా అని కొట్లాడితి. ముసిలోడయినా మానలే. మీకెవరికీ తెలీదు."

ఆ ముడతల మొహంలో కొత్త పెళ్ళికూతురు కనబడింది నాకు. కాసేపే. తర్వాత ఆ నవ్వు మెల్లగా జారిపోయింది.

"తెల్లారే దాకా పిలిచినాడా?"

అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. "ఊ" అన్నాను.

"నేను ఆ తలుపు బయటనే గదా ఉంటి" అంది అత్త.

దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకున్నాను. అత్త చెయ్యి విడిపించుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, మామ మంచం ఉన్న గదివైపు తిరిగింది.

"ఆ... ఈడనే ఉండానయ్యా" అంది.