పన్నెండు గ్రాముల సీసం

గిన్నెలన్నీ తోమి బోర్లించాక, ఆఖర్న ఆమె బ్రష్షులు కడుగుతుంది. ముందు గ్యాసు కట్టేస్తుంది. కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరుస్తుంది. పిల్లని అవతలి గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేస్తుంది. అప్పుడు గానీ రంగు వదిలించే థిన్నర్ సీసా మూత తియ్యదు. సీసా చెయ్యిజారితే, జారి పొయ్యి దాకా పారితే, పారింది అంటుకుంటే, ఆ వేళకి పిల్ల స్నానాలగదిలో ఉండి గడియ ఊడిరాకపోతే... ఇంతదూరం ఆలోచించి మరీ మూత తీస్తుంది. "భయపడటం నీకో ఉద్యోగం," అంటాడు భర్త. "జీతమొక్కటే లేదు." ఇంటికొచ్చినవాళ్ళు ఆ మాటకి నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. జీతంలేని ఉద్యోగాలు నాకు అదొక్కటేనా అని లోపల అనుకుంటుంది గానీ, పైకి అంటే మాటకి మాట పెరిగి ఎక్కడికి పోతుందోనని అదీ ఒక భయమే.

ఆ బ్రష్షులు ఆయనవి. పెళ్ళి కాకముందు నుంచీ ఆయనకి యుద్ధవిమానాల బొమ్మలు కట్టడం పిచ్చి. అసలు విమానాన్ని నలభై ఎనిమిదో వంతుకి కుదించి, వందల ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్ముతారు. వాటిని కత్తిరించి, గరుకు కాగితంతో నునుపు చేసి, అతికించి, రంగులెయ్యాలి. ముందుగదిలో అద్దాల బీరువా నిండా అవే, చక్రాలు దించి ఎగురుతున్నట్టు స్టాండ్ల మీద నిలబెట్టిన ఇరవైమూడు జెట్లు. ఇంటికెవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు బీరువా చూడాల్సిందే. ఆదివారం భోజనాల బల్ల ఆయనది. కాబట్టి ఆదివారాలు తల్లీకూతుళ్ళు కింద కూర్చుని తింటారు. ప్లాస్టిక్ తునక ఒక్కటి అన్నంలో పడి పిల్ల గొంతులో అడ్డుపడితే ఎలాగని ఆమె ముందు నేలంతా తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే కంచాలు పెడుతుంది. మొదట్లో ఒకసారి అత్తగారి దగ్గర అన్నది, ఆదివారం కాస్త బల్ల ఖాళీ చెయ్యమని చెప్పండత్తయ్యా అని. ఆవిడ వింతగా చూసింది. "వాడికున్న సరదా అదొక్కటే. తాగుడా, తిరుగుడా? నువ్వే కాస్త అందిస్తూ ఉండు."

అందిస్తూ ఉంది. పదిహేనేళ్ళు అందించింది.

ఆమె కూడా పని చేసే మనిషే. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఉద్యోగం. అచ్చులో పోసిన తెల్లటి పన్నుకి అసలు పన్ను రంగు తెప్పించడం ఆమె పని. పక్క పన్ను ఏ మాత్రం పచ్చగా ఉందో, చివర ఎంత పలచగా ఉందో చూసి, వెంట్రుకంత సన్నటి బ్రష్షుతో పొర మీద పొర వేస్తుంది. చదువు పదితోనే ఆగిపోయింది గానీ, ఆమె రంగు వేసిన పన్ను ఒక్కటీ తిరిగొచ్చింది లేదు. ఆమె చేతికింద పని నేర్చుకున్న కుర్రవాడు ఇప్పుడు ఆమెకి సూపర్‌వైజరు. "మీరు ఐదయ్యేసరికి ఇంటికి పరిగెత్తాలి కదమ్మా, మీకెందుకీ తలనొప్పి," అన్నాడు యజమాని, ఏదో మేలు చేసినవాడిలా. ఆ రోజు కూడా ఆమె తలూపింది. ఆమెకి మనసు వణుకుతుంది గానీ చెయ్యి వణకదు. ఆ సంగతి ల్యాబులో అందరికీ తెలుసు. ఇంట్లో ఒక్కరికే తెలుసు.

రెండేళ్ళ కిందట ఆయన కుడిచేతి వేళ్ళు వణకడం మొదలైంది. ముందు ఆమే చూసింది. కప్పు సాసరు మీద పెట్టేటప్పుడు టకటకమని చిన్న చప్పుడు. ఆ వారం ఆమెకి నిద్ర లేదు. నరాలేమో, మెదడేమో, మంచాన పడితే పిల్ల చదువేమిటి, ఆయనకెవరు తినిపిస్తారు, ఇలా ఎటునుంచి ఎటో పోయింది. డాక్టరు దగ్గరికి వెళదామండీ అంటే, "టీ ఎక్కువైంది, అంతే. నువ్వు మొదలుపెట్టకు," అన్నాడు. టీ మానలేదు, డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. ఒక శనివారం మధ్యాహ్నం, పిల్ల ట్యూషనుకి పోయిన వేళ, ఒక చిన్న చక్రాన్ని పట్టకారుతో పట్టుకుని మూడుసార్లు జారవిడిచి, ఆమె ముందుకి తోశాడు. "ఊరికే కూర్చున్నావుగా. ఈ అంచు కాస్త నల్లగా దిద్దు." కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది ఆమె. చెయ్యి కడుక్కుని వచ్చి దిద్దింది. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగుందని అనలేదు. ఇంకో చక్రం ఇచ్చాడు.

అలా చక్రాల నుంచి చట్రాలకి, చట్రాల నుంచి రెక్కలకి వచ్చింది పని. అన్నీ శనివారాలే, పిల్ల ఇంట్లో లేనప్పుడే. ఎవరూ ఎవరికీ చెప్పొద్దని అనుకోలేదు, కానీ చెప్పలేదు. ఆయన చెయ్యి ఆయన పరువని ఆమెకి తెలుసు. ఆ పరువు కాస్తా పోతే మనిషి కూలబడిపోతాడేమో, ఆ దిగులుతోనే జబ్బు ముదురుతుందేమోనని భయం. దాపరికం ఆయనకంటే ఆమే ఎక్కువ చేసింది. గోళ్ళలో ఇరుక్కున్న బూడిదరంగుని పిల్ల ఇంటికొచ్చేలోపల సూదితో తీసేసేది.

ఈసారి కట్టింది రెండు ఇంజన్ల జెట్. ఆయన బాంబులు తెచ్చి ఆమె ముందు వరసగా పెట్టాడు, ఒక్కోటి చిటికెనవేలంత పొడవు. "వీటి మెడ చుట్టూ పచ్చగీత. సన్నగా రావాలి." సన్నగానే వేసింది. వేస్తుంటే, నిజం బాంబుకి కూడా ఎవరో ఒకరు ఈ గీత వేస్తారు కదా అనిపించింది. ఇంట్లో పప్పు నానబెట్టి, పిల్లకి జడ వేసి, డ్యూటీకొచ్చిన మనిషి ఎవరో. గీత వంకరపోకూడదని ఊపిరి బిగబట్టి వేస్తుంది ఆ మనిషి కూడా. అది ఏ వంటింటి మీద పడుతుందో, ఆ వేళకి ఆ పొయ్యి దగ్గర ఎవరుంటారో ఎవరూ చెప్పరు. తర్వాత పైలట్ బొమ్మ ఇచ్చాడు. ముఖమంతా మాస్కు, కళ్ళొక్కటే కనిపిస్తాయి. ఆ కళ్ళు వెయ్యడానికి ఆమెకి రెండు శనివారాలు పట్టింది. వీడికీ ఎక్కడో తల్లుంటుంది, ఫోను మోగినప్పుడల్లా గుండె పట్టుకుంటుంది అనుకుని, కళ్ళలో తెలుపు కాస్త తగ్గించింది. మరీ తెల్లగా ఉంటే భయపడినట్టు ఉన్నాడు.

విమానం ఒళ్ళు రెండు సగాలుగా వస్తుంది, కుడి సగం, ఎడమ సగం. అతికించే ముందు ఆమె పెట్టెలోని కాగితం తీసి చూసింది. అందులో అక్షరాలు ఏ దేశానివో తెలియవు, బొమ్మలు మాత్రం ఎవరికైనా అర్థమయ్యేవే. ముక్కు దగ్గర ఒక తూకపురాయి గుర్తు, దాని మీద పన్నెండు అంకె, గ్రాముల గుర్తు.

"ఏవండీ, ముక్కులో ఏదో బరువు పెట్టమంటున్నాడు."

"అది కొత్తవాళ్ళకి."

"చక్రాల మీద నిలబెడతారు కదా ఈసారి. వెనక్కి ఒరిగిపోతే?"

"ఇరవయ్యేళ్ళ నుంచి కడుతున్నాను, ఒక్కదానికైనా బరువు పెట్టానా? ఆ కాగితం అవతల పారెయ్. దాన్ని చూస్తే నీకు ఇంకా పది భయాలు పుడతాయి."

ఇరవయ్యేళ్ళూ ఆయన జెట్లు స్టాండ్ల మీదే ఎగిరాయని ఆమె అనలేదు. చేపలు పట్టే సామాన్ల కొట్లో గాలానికి కట్టే సీసం గుళ్ళు కొనుక్కొచ్చింది. ల్యాబులో పొడి తూచే చిన్న కాటా మీద సరిగ్గా పన్నెండు గ్రాములు తూచింది. పైలట్ గదికి ముందున్న గోడ అవతల, ముక్కు లోపల, జిగురులో పొదిగి సగాలు రెండూ మూసేసింది. వారం తర్వాత విమానం మూడు చక్రాల మీద కుదురుగా నిలబడింది. "చూశావా," అన్నాడాయన. "అనవసరంగా కంగారుపడి చస్తావు." నిలబడింది, అది చాలు. అప్పటికి ఆమె కోరిక అంతే.

ప్రదర్శన ఒక బడి హాల్లో పెట్టారు. ఏడాదికోసారి ఈ బొమ్మలు కట్టేవాళ్ళంతా చేరి, తెల్లగుడ్డలు పరిచిన బల్లల మీద పెట్టి పోటీ జరుపుకుంటారు. ప్రతి బొమ్మ ముందు ఒక అట్టముక్క. దాని మీద కట్టినవారి పేరు, కింద 'పని మొత్తం నా ఒక్కరి చేతిమీద జరిగింది' అన్న వాక్యం, ఆ కింద సంతకం. ఆయన సంతకం కాస్త వంకరగా ఉంది. విమానం ఉన్న డబ్బా దారంతా ఆమే ఒళ్ళో పెట్టుకుంది, బస్సు కుదుపుకి ఏ చక్రం విరుగుతుందోనని.

హాలు చివర పిల్లల కోసం ఒక బల్ల వేశారు. చిన్న చిన్న విమానాలు, నాలుగు రంగులు, ఎవరైనా కూర్చుని వెయ్యొచ్చు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకమ్మాయి పిల్లల్ని పిలిచి కూర్చోబెడుతోంది. "నువ్వూ రా, ఇక్కడ ఖాళీ ఉంది," అన్నది పిల్లని చూసి.

పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. పదమూడేళ్ళు దానికి. "నేను వెయ్యలేనక్కా. చూస్తాను, చాలు."

"ఎందుకు? పాడైతే పాడైంది."

"నాది అమ్మ చెయ్యి. వణుకుతుంది. నాన్న చెప్పాడు." అందులో దిగులేమీ లేదు. కళ్ళజోడు వచ్చిందనో, కుడిచెంప మీద పుట్టుమచ్చ ఉందనో చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

రెండడుగుల దూరంలో, చేతిలో ఖాళీ డబ్బాతో, ఆమె విన్నది. ఆయన ఆ మాట ఎప్పుడన్నాడో గుర్తుంది. పోయిన ఏడాది పిల్ల బ్రష్షు పట్టుకోబోతే, "వద్దు తల్లీ, దీనికి చెయ్యి కదలకూడదు. మీ అమ్మని చూడు, వీధిలో బండి హారను వినబడితే చేతిలో గ్లాసు వణికిపోతుంది. ఆడవాళ్ళ చేతులంతే," అన్నాడు. అప్పుడు ఆమె వంటింట్లో ఉంది. తనమీద వేసిన జోకే కదా, పోనీలే అనుకుంది. ఆ మాట పిల్ల లోపలికి పోయి అక్కడ ఏడాదిపాటు కూర్చుని ఉందని ఆమెకి తట్టలేదు. నిప్పు గురించి ఆలోచించింది. అన్నంలో తునక గురించి ఆలోచించింది. జ్వరాలూ బస్సులూ కుక్కలూ నీళ్ళ తొట్లూ, పిల్లకి ఎటునుంచి ఏం ముంచుకొస్తుందోనని పదమూడేళ్ళు కాపలా కాసింది. ఇది ఇంట్లోనే ఉంది. ఆ మాట అన్నవాడు ఆయనే. కాదని చెప్పగలిగిన మనిషి మాత్రం ప్రపంచం మొత్తం మీద ఒక్కతే, ఆ ఒక్కతే గోళ్ళలో రంగు సూదితో తీసుకుంటూ కూర్చుంది.

"అమ్మా, మన బల్ల దగ్గరికి వచ్చారు," అని పిల్ల చెయ్యి పట్టుకుని లాగింది.

న్యాయనిర్ణేత ఒక పెద్దాయన. అసలు విమానాలకి మరమ్మతులు చేసి రిటైరైన మెకానిక్కు. చిన్న టార్చి వేసి చక్రాల మధ్య, రెక్కల కింద, పైలట్ ముఖం మీద చాలాసేపు చూశాడు. "కళ్ళు," అన్నాడు తనలో తను. తర్వాత లేచి నడుం పట్టుకుని భర్తని అడిగాడు. "బాగుందండీ. ముక్కులో ఎంత బరువు పెట్టారు?"

"బరువా? ఏమీ పెట్టలేదండీ. నేను పెట్టను. తీరుగా కడితే దానంతటదే నిలబడుతుంది."

పెద్దాయన నవ్వాడు. "ఈ విమానం కిట్టు నేను రెండుసార్లు కట్టాను. బరువు లేకపోతే తోక మీద కూర్చుని ఆకాశంలోకి చూస్తుంది. మర్చిపోయి ఉంటారు. గుర్తుచేసుకోండి."

భర్త మెడ ఎర్రబడింది. విమానంకేసి చూశాడు, ఆ తర్వాత ఆమెకేసి చూశాడు. ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది ఆయనకి. ఆయన కళ్ళు ఆమెని ఏమీ అడగట్లేదు, ఊరుకోమంటున్నాయి, అంతే. ఊరుకోవడం ఆమెకి కొత్త కాదు. ఆయన ఏదో ఒక అంకె చెప్పేస్తాడు, పెద్దాయన తలూపి వెళ్ళిపోతాడు, సాయంత్రం ముగ్గురూ బస్సెక్కి ఇంటికి పోతారు. పక్కన పిల్ల నాన్నకేసి గర్వంగా చూస్తోంది, చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

"పన్నెండు గ్రాములండీ," అన్నది ఆమె. "సీసం. పైలట్ ముందున్న గోడకి అవతల పెట్టాను."

పెద్దాయన ఆమెవైపు తిరిగాడు. "మీరు పెట్టారా?"

"బరువు నేనే పెట్టాను. రంగులు కూడా నేనే వేశాను, ఆ కళ్ళతో సహా. ఆయన ముక్కలు కత్తిరించి నునుపు చేసి ఇచ్చారు." భర్త కళ్ళు ఊరుకోమంటూనే ఉన్నాయి. అయినా చివరిదాకా చెప్పింది.

పెద్దాయన కాసేపు అట్టముక్క చదివాడు. "అయితే దీన్ని పోటీలో ఉంచలేనమ్మా. నియమం ఉంది."

"తీసెయ్యండి."

పెద్దాయన అట్టముక్కని మెల్లగా బోర్లా పెట్టాడు. పక్క బల్లవాళ్ళు ఇటు తిరిగారు. పిల్ల నోరు తెరిచి తల్లినే చూస్తోంది.

బస్సు స్టాపు దాకా ఆయన ముందు నడిచాడు. వాళ్ళిద్దరూ వెనక. పిల్ల ఒకసారి తల్లి కుడిచెయ్యి పట్టుకుంది, అరచెయ్యి పైకి తిప్పి వేళ్ళు చూసి, అలాగే పట్టుకుని నడిచింది. స్టాపులో ఎవరూ లేరు. ఆయన బల్ల మీద కూర్చుని, వణికే చేతిని ఎడమచేత్తో నొక్కిపట్టుకున్నాడు. ఆమె ఆ చేతిని చూసింది. సోమవారం సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, ఈసారి అడగడం లేదు, తీసుకుపోవడమే అనుకుంది.

"ఇన్నేళ్ళు నీకేం తక్కువ చేశాను?" అన్నాడు నేలకేసి చూస్తూ. "నా చెయ్యి వణుకుతుందని అంతమందిలో చెప్పావు."

ఆమె డబ్బా పక్కన దించి, ఆయన పక్కనే కూర్చుంది.

"మీ చెయ్యి సంగతి నేను ఎవరితోనూ అనలేదు," అన్నది, పిల్లకి వినబడేలా. "నా చెయ్యి వణకదని చెప్పాను."