ఏడున్నర అడుగుల సందు

మా ట్రాక్టర్‌కి మా క్లాసువాళ్లు పెట్టిన పేరు మిడత. రంగు ఆకుపచ్చ, ఎత్తు నా భుజం వరకే, బయల్దేరేటప్పుడు ఒక్క గెంతు గెంతుతుంది. క్లచ్ అరిగిపోయి అలా గెంతుతుందని నాన్నకి తెలుసు, నాకు తెలుసు. క్లాసువాళ్లకి ఎవరు చెప్తారు?

ఒక సోమవారం దారంతా బురదగా ఉందని నాన్న నన్ను దాని మీదే బడికి తీసుకొచ్చాడు. మడ్‌గార్డు మీద పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గేటు కనబడగానే, ఇక్కడే దిగిపోతానన్నాను.

"బురదలో ఎందుకమ్మా? లోపలిదాకా దింపుతాగా" అన్నాడు నాన్న.

సరిగ్గా గేటు మధ్యకి వచ్చాక అది ఒక గెంతు గెంతి ఆగిపోయింది. వెనక సైకిళ్లు, ముందు పిల్లలు. పదిమంది చేరి తోశారు. "ఎగురు మిడతా, ఎగురు" అని ఎవరో మొదలుపెడితే మిగతావాళ్లు అందుకున్నారు. నాన్న కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. "ఆగండ్రా, ఎగురుతుంది చూడండి" అన్నాడు. నేను దిగి, ఆ బండెవరిదో నాకు తెలియనట్టు, తల దించుకుని లోపలికి వెళ్లిపోయాను. రోజూ ఇంటి దగ్గర నాన్నకి ఊపే చేయి కూడా ఊపలేదు.

ఇది చెప్పకపోతే తర్వాత నేను చేసింది ఎందుకు చేశానో అర్థం కాదు. అర్థమైనంత మాత్రాన అది చిన్న తప్పేమీ అయిపోదనుకోండి.

మాది మూడెకరాలు. పైన సగం నిమ్మతోట, కింద సగం నల్లమట్టి చేను. తోటలో మిడతకి తిరుగు లేదు. ముళ్లకొమ్మల కింద నుంచి దూరిపోయి, ఒక్క కాయ రాలకుండా కలుపంతా తిరగేసి వస్తుంది. చేలోకి దిగితే మాత్రం దాని వల్ల కాదు. నాగలి లోతుగా దించామంటే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. అందుకని ఏటా మీసాల మావయ్యని బతిమాలాలి. ఆయనకి పెద్ద ట్రాక్టర్ ఉంది, దానికి తగ్గ మీసాలూ ఉన్నాయి. "వచ్చేస్తున్నా బావా, బయల్దేరా బావా" అంటూనే వారం గడిపేస్తాడు. ఆయన వచ్చేసరికి నేల పదును ఆరిపోయి, దున్నితే మట్టిపెడ్డలు ఇటుకల్లా లేస్తాయి.

కిందటేడాది అలా ఆరిపోయిన చేలో విత్తిన గింజ సగం మొలవలేదు. అప్పటి నుంచి నాన్న మనసు పెద్ద ట్రాక్టర్ మీద పడింది. మిడతని షోరూంలో ఇచ్చేసి, నలభై ఐదు హెచ్‌పీ బండి తెచ్చుకోవాలి. రెండూ ఉంచుకునేంత స్తోమత లేదు. తెచ్చుకుంటే తోటకీ చేనుకీ అదొక్కటే దిక్కు.

"చేను సరే. తోటలోకి ఎలా వెళ్తుందండీ ఆ ఏనుగు?" అంది అమ్మ.

అమ్మకి ఆ తోటలో ప్రతి చెట్టూ తెలుసు. ఏది ముందు కాస్తుందో, దేని ముల్లు గుచ్చుకుంటే రెండు రోజులు సలుపుతుందో కూడా చెప్తుంది. ఆ మొక్కలన్నీ నేను పుట్టిన ఏడాది తన చేత్తో నాటినవే.

షోరూం ఆయన నున్నటి బొమ్మల పుస్తకం పట్టుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పుతూ, "బండి వెడల్పు ఆరడుగులు అన్నా. చెట్ల మధ్య ఏడడుగుల సందు ఉందా, ఇక దిగుల్లేదు. రాజాలా నడిచిపోతుంది" అన్నాడు.

"ఏడుంటుందా?" అని నాన్న అమ్మని అడిగాడు.

"ఎక్కడిది? కొమ్మలన్నీ కమ్ముకొచ్చాయి" అంది అమ్మ.

"కంటితో కొలిస్తే ఎలా వదినా? టేపుతో కొలవాలి" అని ఆయన నవ్వాడు.

నాన్న నా వైపు చూశాడు. "మా అమ్మాయి కొలుస్తుందిలెండి. పదో తరగతి. లెక్కల్లో దానికి తిరుగులేదు."

నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. లెక్కల సంగతి ఎత్తేసరికి ఇంకొంచెం లోపలికి జరిగాను.

ఆదివారం మధ్యాహ్నం టేపు, కాగితం పట్టుకుని తోటలోకి వెళ్లాను. మొత్తం తొమ్మిది వరుసలు, మధ్యలో ఎనిమిది సందులు. రోడ్డు పక్క మొదటి సందులో కరెంటు తీగలకి అడ్డమని కొమ్మలు కొట్టేశారు. అక్కడ ఈ కొమ్మ చివర నుంచి ఆ కొమ్మ చివరకి ఏడున్నర అడుగులు వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో సందు ఐదూ ముప్పావు. టేపు వదులుగా పట్టానేమోనని బిగించి చూశాను. అదే. కొమ్మని మోచేత్తో వెనక్కి నెట్టి చూశాను. ఆరు. మోచెయ్యి తియ్యగానే కొమ్మ మళ్లీ ముందుకొచ్చి నా చెంప మీద గీరింది.

మూడో సందు కొలవలేదు. ఆ తర్వాతవి కూడా కొలవలేదు. టేపు చుట్టేసి, గట్టు మీద కూర్చుని, కాగితం మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసుకుని, ఒక్కోదాని పక్కన ఏడున్నర, ఏడున్నర అని రాసుకుంటూ పోయాను. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని ఐదోదాని పక్కన ఏడుంబావు అని పెట్టాను.

నాన్న కాగితం చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "చూశావా? నువ్వేమో ఉండదన్నావు" అని అమ్మతో అన్నాడు. అమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుంటూ, "ఏమో మరి. నాకలా అనిపించింది" అంది. నేను పుస్తకం తెరిచి చదువుకుంటున్నట్టు కూర్చున్నాను. రోజూ రాసుకునే డైరీ తియ్యాలంటే కూడా భయమేసింది ఆ రోజు.

గురువారం పొద్దున బండి వచ్చింది, నడిపి చూసుకోమని. ఎర్రగా, నా తల కంటే ఎత్తుగా ఉంది. వెనక మట్టి తిరగేసే రోటావేటర్ తగిలించి తెచ్చారు. నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కంచె దగ్గర చుట్టుపక్కల వాళ్లు ఆరేడుగురు చేరారు. మీసాల మావయ్య అందరికంటే ముందు వచ్చాడు.

"ఏంటి బావా, ఇక నా మొహం చూడవన్నమాట" అన్నాడు.

"నీ మొహం చూడ్డానికి ఏటా వారం పడుతోంది కదా బావా" అన్నాడు నాన్న. అందరూ నవ్వారు. నాన్న అంత హుషారుగా మాట్లాడ్డం నేను చూడలేదు.

మొదటి సందులో బండి నిజంగానే రాజాలా వెళ్లింది. మా క్లాసమ్మాయి ఒకతి రోడ్డు మీద సైకిల్ ఆపి, "మీదేనా?" అని అడిగింది. తలూపాను. "అబ్బో" అంది. ఆ ఒక్క మాట కోసం అంతా చేశాను. దొరికింది.

ఆ అమ్మాయి సైకిల్ ఇంకా మలుపు తిరగకముందే నాన్న బండిని రెండో సందులోకి తిప్పాడు. కొమ్మలు పటపటా విరగడం మొదలైంది. పచ్చికాయలు రాలి చక్రాల కింద నలిగి, వాసన కంచె దాకా వచ్చింది. నాన్న ఆపలేదు. ఎందుకు ఆపుతాడు? జేబులో ఏడున్నర ఉంది. బండి వంకరగా పోతోందనుకున్నాడు. కుడి కొమ్మలు తగులుతున్నాయని ఎడమకి తిప్పాడు, ఎడమవి విరిగాయి. కుడికి తిప్పాడు.

"ఎడమా కుడీ మర్చిపోయావా బావా? చిన్నపిల్లాడికి సైకిలిచ్చినట్టుందే!" అని అరిచాడు మీసాల మావయ్య. కంచె దగ్గర ఒకటే నవ్వులు.

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తెద్దామని గేరు మార్చాడు. రోటావేటర్ అంచు ఒక చెట్టు మొదలుకి తగిలి, మోకాలెత్తు నుంచి కింద దాకా బెరడు చీరుకుపోయింది. దాని పక్క చెట్టుకీ అంతే. అమ్మ పరుగెత్తుకెళ్లి ఆ చెట్టుని రెండు చేతులతో పట్టుకుని, "ఆపండి, ఆపండి" అని అరిచింది.

నాన్న దిగాడు. చేతులు వణుకుతుంటే జేబుల్లో పెట్టుకున్నాడు. "నాదే తప్పండీ. చిన్నదానికి అలవాటైన చేతులు" అని షోరూం ఆయనతో అన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు తమాషా అయిపోయిందని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మీసాల మావయ్య మా నాన్న నడిపిన తీరు చేతులు తిప్పి చూపిస్తూ వెళ్లాడు.

నాన్న జేబులోంచి కాగితం తీశాడు. "సందు ఏడున్నర. బండి ఆరు. ఇంకా అడుగున్నర మిగలాలి. అంత చోటు ఉంచుకుని కూడా నాకు చేతకాలేదు" అన్నాడు.

"అలవాటవుతుంది అన్నా. లేదంటే ఒక పని చెయ్యండి, వరుస విడిచి వరుస తీసేయించండి. కావలసినంత చోటు. రేపే రంపం మిషను పంపిస్తా" అన్నాడు షోరూం ఆయన.

నాన్న చాలాసేపు చెట్ల వంకే చూశాడు. "నాలుగు వరుసలు పోతాయి. చేను బాగుపడితే అదే వస్తుందిలే. ఏమంటావే?" అన్నాడు అమ్మతో.

అమ్మ కుదరదు అంటుందనుకున్నాను. అనలేదు. నాన్న చేతిలో కాగితాన్ని చూసి, తన కళ్లే మోసం చేశాయేమో అన్నట్టు కొమ్మల వైపు చూసింది. "మీ ఇష్టం. నాకు కొలతలు ఏం తెలుసు?" అంది.

ఇంట్లోకి వెళ్లి టేపు తెచ్చాను. షోరూం ఆయన బండి నీడలో ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. టేపు ఒక కొస నాన్నకి అందించి, "పట్టుకో నాన్నా" అన్నాను. ఎందుకని అడగలేదు, పట్టుకున్నాడు. నేను అవతలి కొమ్మ దాకా వెళ్లి నిలబడ్డాను.

"ఐదూ ముప్పావు" అని చదివాడు. తర్వాతి సందులో "ఐదున్నర." ఆ తర్వాత కూడా "ఐదున్నర." ఐదో సందు దగ్గర ఆయన పైకి చదవలేదు. కాగితం మళ్లీ తీసి చూశాడు.

"కొలవడంలో పొరపాటు పడ్డావంటే అర్థమవుతుంది. మరి ఈ ఏడుంబావు ఏంటమ్మా?"

"మొదటి రెండే కొలిచాను. మిగతావి రాసేశాను" అన్నాను.

"ఎందుకు?"

"మిడత వదిలిపోవాలని."

నాన్న కాగితం మడిచాడు. "ఆ రోజు గేటు దగ్గరా?" అన్నాడు. తలూపాను. "నేనూ నవ్వానే. నవ్వేస్తే నీకు తేలికవుతుందనుకున్నా." ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది.

అమ్మ తడిమట్టి తెచ్చి చీరుకుపోయిన మొదళ్లకి పూసి, పాతగుడ్డ చుడుతోంది. నేను గుడ్డ పట్టుకోబోతే, "ఉండు, నేను చూసుకుంటా" అంది. అంతే.

నాన్న షోరూం ఆయన దగ్గరికి వెళ్లి, మా తోటకి ఈ బండి పట్టదండీ అని చెప్పి పంపేశాడు. మిడతకి క్లచ్ మార్పిస్తే చాలన్నాడు. కాని చేను దున్నాలంటే మళ్లీ మీసాల మావయ్య గడపే తొక్కాలి. ఊళ్లో ఎవరడిగినా నాన్న ఒకటే మాట చెప్తున్నాడు: "నాకు పెద్ద బండి తోలడం రాలేదు." పాలకేంద్రం దగ్గర ఒకసారి, నేను పక్కన ఉండగానే అన్నాడు. నేను క్యాన్ మూత బిగించాను, తెరిచాను, మళ్లీ బిగించాను.

వాన పడ్డ మర్నాడు పదును కుదిరింది. నాన్న మీసాల మావయ్య ఇంటికి బయల్దేరితే నేనూ వస్తానన్నాను. మేం వెళ్లేసరికి మావయ్య మంచం మీద కూర్చుని కాలిగోళ్లు తీసుకుంటున్నాడు.

"రా బావా రా. పెద్ద బండి ఎక్కగానే చేతులు వణికాయంట కదా?"

"వణికాయి బావా" అన్నాడు నాన్న.

"కొలత తప్పు రాసింది నేను మావయ్యా" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయనకి మాత్రం వినబడింది. పగలబడి నవ్వాడు.

"చూశావటే!" అని లోపలున్న అత్తని పిలిచాడు. "కూతురంటే ఇలా ఉండాలి. నాన్న మీద ఈగ వాలనివ్వడం లేదు!"

అత్త మంచినీళ్లు తెచ్చి నా చేతికిచ్చి, "బంగారు తల్లి" అని నా గడ్డం పట్టుకుంది. నాన్న గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. నీళ్లు తాగేశాను. గ్లాసు ఖాళీ అయ్యాక ఇక నోటికి అడ్డం పెట్టుకోవడానికేమీ లేదు.

"నాన్నని వెనకేసుకు రావడం లేదు మావయ్యా. అక్కడ ఉన్నది ఐదున్నర. నేను ఏడున్నర అని రాశాను. తెలిసే రాశాను. ఆ బండి ఎవరు ఎక్కినా తోటలో పట్టదు, నువ్వెక్కినా పట్టదు. మా ట్రాక్టర్ చూసి నలుగురూ నవ్వుతున్నారని, అది వదిలిపోవాలని రాశాను."

మావయ్య చేతిలో గోళ్లకత్తెర ఆగింది. నా వంక చూడకుండా నాన్న వంక చూశాడు.

"విన్నావుగా బావా. మరి మా చేలోకి ఎప్పుడొస్తావు?" అన్నాడు నాన్న మామూలుగా.

"రేపు పొద్దున్నే" అన్నాడు మావయ్య.

అత్త నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. ఈసారి నా గడ్డం పట్టుకోలేదు.